మన్యం వ్యాపారంలో లెక్కల పలక

మా పెద్ద మనవడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు "నీ పని ఏమిట్రా?" అని అడిగితే, "కంపెనీలకు డ్యాష్‌బోర్డులు తయారు చేస్తాం తాతయ్యా" అన్నాడు. ఏ ఊళ్లో ఎంత సరుకు అమ్ముడైంది, ఏ గోదాములో ఎంత నిల్వ ఉంది, ఏది కదలకుండా పడి ఉంది అన్నదంతా గీతలుగా, రంగు గడులుగా ఒకే తెర మీద కనిపిస్తుందట. మేనేజరు పొద్దున్నే అది చూసి ఏది ఎక్కువ కొనాలో, దేని ధర తగ్గించాలో నిర్ణయిస్తాడట. "దీన్నే మేము ఏబ్‌స్ట్రాక్టు అనేవాళ్లం. నెలకొకసారి, నాలుగు కార్బన్ కాపీలతో" అన్నాను. వాడు నవ్వాడు. మన సంఘ సభ్యుల్లో సగం మందైనా నవ్వరని నాకు తెలుసు.

ఆ మాట పుట్టుక తమాషాగా ఉంటుంది. డ్యాష్‌బోర్డు అంటే మొదట గుర్రబ్బండి ముందు భాగంలో బిగించే చెక్క. గుర్రపు డెక్కల నుంచి ఎగిసే బురద బండివాడి మీద పడకుండా అడ్డం పెట్టేవారు. మోటారు కార్లు వచ్చాక అదే చోట వేగం, పెట్రోలు చూపే ముళ్లు అమర్చారు. ఇప్పుడు కంప్యూటరు తెరకు అదే పేరు వచ్చింది.

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకీ సంభాషణే గుర్తుకొచ్చింది. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో సరుకు లెక్కలు ఎవరి చేతిలో ఉండేవి, వాటిని చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకునేవారు అన్నది రాద్దామనిపించింది. ఉద్యోగరీత్యా ఆ కొండల్లో కొన్నేళ్లు గడిపినవాణ్ణి.

మొదట్లో మన్యంలో లెక్క అంటే షావుకారు లెక్కే. మైదానం నుంచి ఉప్పు, ఎండుచేప, బట్ట, పొగాకు ఎక్కించేవాడు. చింతపండు, పసుపు, పిప్పళ్లు, కరక్కాయ, అడ్డాకులు దింపుకునేవాడు. చిట్టా, ఆవర్జా ఆయన దగ్గరే ఉండేవి. విశాఖపట్నంలో చింతపండు ధర ఎంతో ఆయనకు తెలుసు. ఏ ఇంట్లో పెళ్లి ఉందో, ఎవరింట్లో గింజలు నిండుకున్నాయో కూడా తెలుసు. కొనే ధర, ఇచ్చే అప్పు రెండూ అందులోంచే తేల్చేవాడు. మా మనవడి భాషలో చెప్పాలంటే పూర్తి డ్యాష్‌బోర్డు ఆయన బుర్రలోనే ఉండేది. అమ్మే గిరిజనుడికి కొలిచే కుంచం కూడా తనది కాదు.

సర్కారు ఈ పుస్తకాల మీద చెయ్యి వేసింది 1917లో. ఆ సంవత్సరం మద్రాసు ప్రభుత్వం చేసిన ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ చెల్లదంది, చక్రవడ్డీ కూడదంది, మొత్తం వడ్డీ అసలును మించరాదంది. మంచి చట్టమే. కాని ఆవర్జా మాత్రం షావుకారు దగ్గరే ఉండిపోయింది. అసలెంతో ఆయన చెబితేనే గదా వడ్డీ ఎంతో తేలేది!

1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మనందరికీ జి.సి.సి.గా తెలిసినదే. ఒక చేత్తో అటవీ ఫలసాయం కొనడం, ఇంకో చేత్తో డి.ఆర్. డిపోల ద్వారా బియ్యం, ఉప్పు, కిరోసిన్ అమ్మడం దాని పని. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిల్లర అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని క్రమబద్ధం చేస్తూ 1979లో వచ్చిన రెగ్యులేషన్ కొనుగోలు హక్కు దానికే అప్పగించింది. తరువాత 1996 నాటి పీసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ సరుకు మీద యాజమాన్యం గిరిజనులదేనన్నాయి. అది వేరే వ్యాసం.

నా దృష్టిలో ముఖ్యమైన మార్పు ఇది: కొనుగోలు ధరను ముందుగా ప్రకటించడం. వినడానికి చిన్న విషయమే. ప్రకటించేవాడికి మాత్రం పెద్ద పరీక్ష. చింతపండు వేసవి ముంగిట దిగుతుంది, నిల్వ ఉన్నకొద్దీ నల్లబడి ధర పోగొట్టుకుంటుంది. ధర ఎక్కువ ప్రకటిస్తే గోదాము నిండి సరుకు మిగిలిపోతుంది. తక్కువ ప్రకటిస్తే సరుకంతా రాత్రికి రాత్రి ప్రైవేటు వ్యాపారి లారీ ఎక్కుతుంది. పాత నిల్వ ఎంత, మైదానంలో ధర ఎంత, చెట్టు మీద కాపు ఎలా ఉంది అన్న మూడూ ఒకే కాగితం మీద, ఒకే వారంలో కనిపించాలి.

తపసి బంక సంగతి ఇంకా సూక్ష్మం. అది విదేశాలకు పోయే సరుకు. రంగు, శుభ్రత చూసి గ్రేడులు కట్టి ధర వేస్తారు. స్టేట్‌మెంటులో "బంక, ఇన్ని కిలోలు" అని ఒకే గడిలో కలిపి రాస్తే, ఏరి తెచ్చినవాడికీ బెరడు కలిపి తెచ్చినవాడికీ తేడా కనిపించదు. గడిని మూడుగా విడదీస్తే అధికారి కంటికి సరుకు వేరేగా కనిపిస్తుంది, చెట్టు దగ్గర మనిషి చేతికీ జాగ్రత్త వస్తుంది. ఎన్ని గడులు గీయాలన్నది గుమాస్తా పని అనుకుంటారు గాని అది వ్యాపార నిర్ణయమే.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఏ ఆఫీసు, ఏ సంవత్సరం అన్నవి అనవసరం. కొండ మీది గోదాముల బియ్యం నిల్వల స్టేట్‌మెంటు నా సీటు. ఒక వానాకాలం ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడి రెండు చోట్ల నుంచి ఫిగర్లు రాలేదు. స్టేట్‌మెంటు అయిదో తారీఖుకు పైకి వెళ్లాలి, లేకపోతే మెమో. గడి ఖాళీగా పెట్టడానికి భయపడి ముందు నెల ముగింపు నిల్వనే దించేశాను. రోడ్డు నాలుగు రోజుల్లో తెరిచారు. నా కాగితం చూసి, అక్కడ నిల్వ చాలినంత ఉందని లారీలను వేరే వైపు పంపారు. నిజానికి ఒక గోదాము అప్పటికే అడుగంటింది. నెలాఖరున దిగివచ్చిన స్టోర్‌కీపరు నన్ను ఒక్క మాట అనలేదు. కార్డుదార్లను వట్టి చేతులతో పంపిన రోజుల రిజిస్టరు నా బల్ల మీద పెట్టి, టీ తాగకుండా వెళ్లిపోయాడు. ఆ తరువాత రిటైరయ్యే దాకా, లెక్క అందని గడిలో ఎర్ర సిరాతో "రాలేదు" అని రాస్తూ వచ్చాను. అందుకు రెండుసార్లు చీవాట్లు కూడా తిన్నాను.

"మీ తెర మీద లెక్క రాని చోట సున్నా పడుతుందా, ఖాళీ కనిపిస్తుందా?" అని మనవణ్ణి అడిగాను. వాడు కాసేపు ఆలోచించి "తయారు చేసినవాణ్ణి బట్టి తాతయ్యా" అన్నాడు.

ఇక కాఫీ. 1898లో పాములేరు లోయలో బ్రోడీ అనే దొర నాటాడని చెబుతారు. మన్యంలో అది విస్తరించింది 1960ల నుంచి, అటవీ శాఖ తోటలతో మొదలై గిరిజనుల సొంత తోటల దాకా. 1942 నాటి కాఫీ చట్టం కింద పండించినవాడు గింజల్ని కాఫీ బోర్డు పూల్‌కు అప్పగించాలి. బోర్డు అమ్మి వాయిదాల మీద డబ్బు ఇచ్చేది. రైతు ధర చూసుకుని నిర్ణయించేదంటూ ఏమీ ఉండేది కాదు. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందపు కోటాలు కూలాయి. మన కాఫీకి పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ 1991లో విడిపోయింది. 1992 నుంచి పూల్ పట్టు మెట్టుమెట్టుగా సడలి, 1996 నాటికి అందరికీ బయట అమ్ముకునే స్వేచ్ఛ వచ్చింది.

స్వేచ్ఛ వచ్చిన మరుసటి ఏడే, 1997లో న్యూయార్కులో అరబికా పౌండు 3 డాలర్లు దాటింది. 2001లో అర డాలరు కంటే కిందికి పడింది. 2025 ఫిబ్రవరిలో 4 డాలర్లు దాటి కొత్త రికార్డు. న్యూయార్కు ధర పౌండుకు సెంట్లలో ఉంటుంది. బెంగుళూరులో బోర్డు చెప్పేది 50 కిలోల బస్తాకు రూపాయల్లో. కొండ మీద కొనేది కిలోల్లో, అదీ పండుగానో, తొక్క తీసి కడిగి ఎండబెట్టిన పార్చిమెంటుగానో, పండుతోపాటే ఎండిన చెర్రీగానో. సుమారు ఆరు కిలోల పళ్లకు ఒక కిలో గింజ. ఈ లెక్కలన్నీ కట్టి, ఇవాళ పండుగా అమ్మితే మేలా, పదిరోజులు ఆరబెట్టే చాకిరీ కూలి కట్టుకుని పార్చిమెంటుగా అమ్మితే మేలా అన్నది ఎకరం, రెండెకరాల రైతు తేల్చుకోవాలి. పండు కోసిన రోజే తొక్క తీయాలి గనుక రేపటికి వాయిదా వేయడానికీ లేదు. కాఫీ రైతుకు కావలసిన తెర ఇది ఒక్కటే చూపిస్తే చాలునని నాకనిపిస్తుంది. వంద రంగుల గీతలు అక్కర్లేదు.

పెద్ద తెరలు రాకపోలేదు. 2017లో రాష్ట్రంలో రియల్ టైమ్ గవర్నెన్స్ అని ఏర్పాటై, ముఖ్యమంత్రి ముందు 'కోర్' డ్యాష్‌బోర్డు వెలిగింది. అదే కాలంలో మన ఏజెన్సీలో రేషను వేలిముద్రకు సిగ్నలు అందక మిషను పట్టుకుని గుట్ట ఎక్కిన ఊళ్లున్నాయి. ఆ ఊళ్లు తెర మీద ఏ రంగులో పడ్డాయో! లెక్క మంచికి పనికొచ్చిన చోటూ ఉంది. నాంది సంస్థతో పనిచేసే రైతుల పళ్లను తోటల వారీగా వేరుచేసి, రుచి చూసి మార్కులు వేసి, మేలైన దానికి మేలైన ధర కట్టారు. 2017లో ఆ కాఫీ పారిస్‌లో దుకాణం తెరిచింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. తపసి బంక గడిని విడదీసిన పనే ఇది, ఇంకా నిశితంగా.

పోయిన శీతాకాలం అరకు సంతకు వెళ్లాను. ఒక పెద్దాయన పార్చిమెంటు సంచి దించుకుని వ్యాపారి ముందు నిలబడ్డాడు. పక్కనే ఇంటర్ చదివే వయసు కూతురు. వ్యాపారి ఒక ధర అన్నాడు. పిల్ల ఫోను తీసి, బస్తా ధరను యాభైతో భాగించి, తండ్రి చెవిలో వాళ్ల భాషలో ఏదో చెప్పింది. "వచ్చే వారం చూద్దాం బాబూ" అన్నాడాయన. వ్యాపారి తన ఫోను చూసుకుని పదిహేను రూపాయలు పెంచాడు. ఆ పిల్ల ఆయన కాటా వైపు ఒకసారి చూసి, సంచిని ముందు పక్క దుకాణం కాటా మీద పెట్టించింది.