కుంగుబాటు: మాటల చికిత్సతో మెదడులో వచ్చే మార్పు

మాత్ర మెదడుపై పనిచేస్తుందనీ, మాటలు మనసుకు ఊరట మాత్రమే ఇస్తాయనీ చదువుకున్నవారు సైతం భావిస్తుంటారు. మెదడు చిత్రాలు ఈ విభజనను సమర్థించడం లేదు.

మాటల చికిత్స అనగా ఓదార్పు కాదు, హితబోధ అంతకన్నా కాదు. 1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ రూపొందించిన పద్ధతిలో రోగి తన తలంపులను కాగితంపై పెట్టి, వాటికి ఆధారమేమిటో చికిత్సకుని తోడ్పాటుతో తానే పరీక్షించుకుంటాడు. "నేనెందుకూ పనికిరాను" అని తోచినప్పుడు ఆనాడు చేసిన పనులన్నీ వ్రాసి సరిచూచుకోవడం అటువంటిదే. వారానికొక గంట చొప్పున మూడు నాలుగు నెలలు సాగే ఈ అభ్యాసం నిజానికి ఒక చదువు. నేర్చుకున్నది నాడీకణాల మధ్య సంధులను మార్చుతుందని సముద్రపు నత్తలలో నిరూపించిన ఎరిక్ కాండెల్ 2000లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

రోగుల మెదడులో ఈ మార్పును వెదకినవారిలో కెనడాలోని టొరంటో పరిశోధకులు ముఖ్యులు. హెలెన్ మేబర్గ్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మందులు వాడకుండా బెక్ పద్ధతిని పూర్తిచేసిన 14 మందికి ముందూ తరువాతా పెట్ స్కాన్ తీశారు. మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజు వాడుకుంటున్నదో ఈ స్కాన్ చూపుతుంది. చికిత్స అనంతరం జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో వినియోగం పెరిగింది; ఆలోచనలకు నెలవైన ముందరి మెదడు పొరలో తగ్గింది. అదే చింతను పదేపదే నెమరువేయడం సడలినందువల్లనే ఈ తగ్గుదల అని పరిశోధకులు ఊహించారు. పెరాక్సిటీన్ మాత్రతో కోలుకున్నవారిలో ఈ రెండు చోట్లా దిశ తారుమారైంది. గమ్యం ఒకటే, దారులు వేరు. అయితే ఇది చిన్న అధ్యయనం. తరువాతి పరిశోధనలన్నీ ఇవే భాగాలను చూపలేదు.

2013లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు మరొక జాడ కనిపెట్టారు. ఇన్సులా కుడి ముందుభాగం మందకొడిగా ఉన్నవారికి మాటల చికిత్స, చురుకుగా ఉన్నవారికి ఎస్సిటాలోప్రామ్ మాత్ర ఎక్కువగా ఫలించాయి. అయినా ఎవరికి ఏ చికిత్స తగునో స్కాన్ చూచి నిర్ణయించే పద్ధతి ఇంకా వాడుకలోకి రాలేదు. అందుకై డబ్బు పోయనక్కరలేదు.

తీవ్రమైన కుంగుబాటులో మందు, మాట రెండూ కలిపి వాడడం మేలు. మాటల చికిత్స మొదలైనదని మాత్రలను హఠాత్తుగా మానరాదు. ఇంట తెలుగు, ఆసుపత్రిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే కుటుంబాలు, రోగికి చింత ఏ భాషలో పుడుతుందో ఆ భాష తెలిసిన చికిత్సకుని అడగడం సబబు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత ఫోను సేవ తెలుగులోనూ లభిస్తుంది; సంఖ్య 14416.