దోమలను, పక్షులను కనిపెట్టి చూచు విద్య

దోమవలన జ్వరము వచ్చునన్న సంగతి నేడు పసిబాలురకును తెలిసినదే కాని, మనుష్యునకు జ్వరము రాకమునుపే దోమను పట్టి, పక్షి నెత్తురు పరీక్షించి, రాబోవు వ్యాధిని పసిగట్టు విద్య యొకటి కలదని యెఱిగినవారు కొలదిమంది. ఆ విద్యకు మూలము వెదకుచు పోయినచో మనము చేరునది మన సికిందరాబాదే. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో రొనాల్డు రాసు అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అయితే ఆ క్రిమి దోమనుండి మరల నెత్తురులోనికి ఎట్లు ప్రవేశించునో తేల్చుటకు ఆయనకు తోడ్పడినవి మనుష్యులు కారు, పిచ్చుకలు. మఱుసటి యేడు కలకత్తాలో, మలేరియా సోకిన పక్షుల నెత్తురు త్రాగిన దోమలచేత ఆరోగ్యముగా నున్న పిచ్చుకలను కుట్టించి, వానికిని ఆ రోగము సంక్రమించుట చూపి, ఆయన ఆ చక్రమును పూర్తిచేసెను. సికిందరాబాదు పరిశోధనను మనము గర్వముతో తలచుకొందుము. కలకత్తా పిచ్చుకలను మఱచితిమి. నా దృష్టిలో ఈ విద్యకు తొలి గురువులు ఆ పిచ్చుకలే.

రాసు చూచినది సూక్ష్మదర్శినికి చిక్కు క్రిమి. వైరసులు దానికి చిక్కునవి కావు. వానిని వెదకు పద్ధతి పెరిగినది అమెరికా పడమటి సీమలలో. వేసవి వచ్చిన తడవుగా గుఱ్ఱములును మనుష్యులును మెదడువాపుతో పడిపోవుచుండగా, 1941లో వాషింగ్టను రాష్ట్రమందలి యాకిమా లోయలో విలియం హామను, విలియం రీవ్సు అనువారలు దోమలను విస్తారముగా పట్టి, జాతులవారీగా విడదీసి, నూఱి, ఆ ద్రవమును చిట్టెలుకలకు ఎక్కించి చూచిరి. క్యూలెక్స్ టార్సాలిస్ అను దోమనుండి వైరసు బయటపడెను. ఆ దోమ కడుపులోని నెత్తురు ఎవరిదని విచారింపగా అది చాలవరకు పక్షులది! అనగా రోగము పక్షినుండి దోమకు, దోమనుండి పక్షికి తనదారిన తాను తిరుగుచు, మితిమీరినపుడు మాత్రమే మనుష్యుని తాకుచున్నదన్నమాట. కాపలాకోళ్ల పద్ధతి ఈ జ్ఞానముమీదనే నిలిచినది. పొలముల అంచున గూళ్లలో కోళ్ల నుంచి, అప్పుడప్పుడు వాని నెత్తురు తీసి, అందు వైరసును ప్రతిఘటించు పదార్థము పుట్టినదేమో పరీక్షింతురు. కోడికి జబ్బు కనబడదు, కాని దానిని కుట్టిన దోమ యెట్టిదో ఆ నెత్తురు తెలుపును.

ఆఫ్రికాలో ఇంతకంటె విచిత్రము జరిగినది. ఉగాండాలో 1937లో వెస్టునైలు మండలమందలి యొక స్త్రీ జ్వరములో దొరకిన వైరసునకు ఆ మండలము పేరే నిలిచినది. 1947లో జీకా అడవిలో పచ్చజ్వరముకొఱకు కాపలాగా ఉంచిన కోతియందు మఱియొక క్రొత్త వైరసును, మఱుసటి యేడు అదే వైరసును అక్కడి దోమలయందును కనుగొనిరి. ఒక్క మానవరోగియైనను కంటబడకముందే వ్యాధికి పేరు పెట్టబడినది.

మన దేశమున పూనాలో 1952లో వైరసు పరిశోధన కేంద్రము వెలసినది. 1955లో వేలూరు ప్రాంతమున జపానుదేశపు మెదడువాపు వ్యాధి గుర్తింపబడినది. వరిమడి నీటిలో పుట్టు క్యూలెక్స్ దోమయు, ఆ మడిలోనే మేయు గుడ్డికొంగయు, పశువుల వెంట తిరుగు తెల్లకొంగయు, ఊరి చివర పందియు కలిసి ఈ వైరసును పోషించుచుండ, దానిని మఱియొకరికి అందింపజాలని మనుష్యుడే, అందును ముఖ్యముగా పసిబిడ్డయే, దానికి బలి యగుచున్నాడు. కర్నూలు మండలపు తల్లిదండ్రులకు ఈ దుఃఖము క్రొత్త కాదు. సంజవేళ పశువులకొట్టములలో గొట్టముతో దోమలను పీల్చి పట్టి, మనిషి గంటసేపు వెదకిన ఎన్ని దొరకునో లెక్కించు ఉద్యోగుల శ్రమ ఎవరికిని కనబడదు. రోగము లేని యేటి లెక్క లేకున్న, రోగము వచ్చిన యేటి లెక్క హెచ్చో తగ్గో చెప్పు టెట్లు? అయినను మన మా శ్రమను తలచుకొనునది మరణములు పత్రికల కెక్కిన పిమ్మటనే.

ఈ యేమరుపాటు మనకు మాత్రమే చెందినది కాదు. 1999 వేసవిలో న్యూయార్కు వీధులలో కాకులు రాలిపోవుచుండెను. ఆగస్టులో క్వీన్సు ప్రాంతపు వృద్ధులు మెదడువాపుతో ఆసుపత్రి చేరగా, అది సెయింట్ లూయిస్ మెదడువాపని ప్రకటించిరి. బ్రాంక్సు జంతుప్రదర్శనశాలలో వ్యాధినిర్ణయము చేయు ట్రేసీ మెక్‌నమారా మాత్రము ఒప్పుకొనలేదు. ఆ వ్యాధి పక్షులను చంపదు, ఇక్కడ రాజహంసలు చచ్చుచున్నవి; పోనీ, గుఱ్ఱములకు వచ్చు తూర్పుజాతి మెదడువాపందమా, దానికి తాళలేని ఈమూలు కుశలముగా నున్నవి. ఆమె తర్కము ఎంత స్వచ్ఛమో చూడుడు! కాని కాకుల చావు చూచువారు వేఱు, మనుష్యుల చావు చూచువారు వేఱు. రెండు చావులును ఒకటే యని ఒప్పుకొనుటకు వారములు పట్టినది. సెప్టెంబరు చివరకు అది వెస్టునైలు వైరసని తేలెను. పడమటి గోళార్ధమున అది కనబడుట అదే మొదలు. ఆ యేడు ఆ నగర ప్రాంతమున ఏడుగురు మరణించిరి. మఱుసటి యేడు అమెరికా ప్రభుత్వము ఆర్బోనెట్ అను పట్టిక నొకదాని నేర్పఱచి, రోగులను, గుఱ్ఱములను, చచ్చిన పక్షులను, కాపలాకోళ్లను, దోమలను అందొక్కచోటనే నమోదు చేయ నారంభించెను.