పగటికల పాట - మణలి నొట్టుస్వరాలు

మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా కాలక్షేపం చేసే నాబోటివాడు సంగీత చరిత్ర వ్రాయబూనడం సాహసమే. ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నాచేత యీ నాలుగు మాటలు వ్రాయించింది. పెద్దలు మన్నింతురు గాక.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. చిన్న కీబోర్డు మీద సాధన చేస్తుంది. ఈ యేడు వాళ్ళ టీచరమ్మ షూమన్ అనే జర్మన్ విద్వాంసుని ‘ట్రాయ్‌మెరై’ నేర్పుతున్నారు. పగటికల అని ఆ మాటకు అర్థమట. నేను డ్యూటీ దిగి వచ్చేవేళకు కొళాయి బొట్లు పడినట్లు ఒక్కొక్క స్వరమే వినిపించేది. ఒకనాడు విసుగెత్తి, “ఉగాది సభలో యిది వాయిస్తే జనం నిద్రపోతారే తల్లీ! ఏదైనా హుషారైన సినిమా పాట పట్టు” అన్నాను. పిల్ల మారుమాట్లాడక కీబోర్డు కట్టేసి లేచిపోయింది. వారం రోజులు దానిని ముట్టలేదు. తప్పు నాదేనేమోనని ఆ పాట పుట్టుపూర్వోత్తరాలు విచారించాను.

రాబర్ట్ షూమన్ (1810-1856) గొప్ప పియానో వాద్యకుడు కావాలనుకున్నాడు. యౌవనంలోనే కుడిచేయి చెడి ఆ ఆశ అడుగంటింది. అప్పుడు రచనకే అంకితమైనాడు. 1838లో ‘చిన్ననాటి దృశ్యాలు’ అనే పేర 13 చిన్న రచనలు కూర్చాడు. అందులో 7వది యీ పగటికల. పెద్దవాడు తన బాల్యాన్ని తలచుకొనే తీరు అది. కేవలం పిల్లలు వాయించడానికని 1848లో మరొక సంపుటి వ్రాశాడు. తన పెద్దకూతురు పుట్టినరోజుకు కానుకగా యిచ్చిన కొన్ని పాటలే దానికి నాంది. పగటికల వేళ్ళకు మరీ కష్టం కాదు, మనస్సుకే కష్టం. హోరోవిట్జ్ అనే మహావాద్యకుడు 61 ఏళ్ళ తరువాత స్వదేశానికి వెళ్ళి 1986లో మాస్కోలో కచేరీ చేసినప్పుడు యీ చిన్నపాటనే వినిపించాడు. సభలో కన్నీరు పెట్టినవారున్నారు. ఊరు విడిచి వచ్చిన మనకు ఆ కన్నీటి అర్థం వేరే చెప్పాలా?

ఎక్కడి జర్మనీ, ఎక్కడి ఎన్నూరు అంటారేమో. తెల్లవారి బాణీలతో మన చుట్టుప్రక్కల వారి పరిచయం షూమన్ కంటె పాతది. మనకు చేరువలోనే వున్న మణలిలో ముద్దుకృష్ణ మొదలియారు, ఆయన కుమారుడు చిన్నయ్య మొదలియారు రామస్వామి దీక్షితులవారి కుటుంబాన్ని ఆదరించారు. 108 రాగతాళమాలికను తెలుగులో కూర్చినవారు యీ రామస్వామి దీక్షితులే. వారి కుమారుడు ముత్తుస్వామి దీక్షితులు (1775-1835). చిన్నయ్య మొదలియారు ఆ సోదరులను చెన్నపట్నం కోటకు తీసుకొనిపోయి తెల్లవారి బ్యాండు వినిపించేవారని ప్రతీతి. తమ్ముడు బాలుస్వామి ఫిడేలు నేర్చి దానిని మన కచేరీకి తెచ్చారు. అన్నగారు ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం అమర్చారు. సుమారు 40 వున్న ఆ రచనలే నొట్టుస్వరాలు. ‘సంతతం పాహిమాం’ అనేది ఇంగ్లాండు రాజగీతపు బాణీయే! నేటికీ వీటిని చాలమంది గురువులు పసిపిల్లలకు నేర్పుతారు. ఆ వంశపు సుబ్బరామ దీక్షితులే 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అనే మహాగ్రంథాన్ని తెలుగులో ప్రకటించారు.

నొట్టుస్వరాలు శంకరాభరణపు స్వరాలతో, గమకాలు లేకుండా సాగుతాయి. కనుకనే అవి పియానో మీద చక్కగా పలుకుతాయి. పియానో మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి తీగను కొడుతుంది. స్వరాన్ని వీణ మీదివలె లాగడానికి వీలులేదు. మరి ఆ కల ఎక్కడిది? కాలి క్రింది పెడలు నొక్కితే తీగలను అణచివుంచే మెత్తలన్నీ ఒక్కసారి లేస్తాయి. కొట్టిన తీగతోబాటు కొట్టని తీగలు కూడ సన్నగా మ్రోగుతాయి. ఒక స్వరం మరొక దానిలో కరిగిపోతుంది. మా యింటి కీబోర్డుకు పెడలు లేదు. బొట్లు బొట్లుగా వినబడిన లోపం పాటదీ కాదు, పిల్లదీ కాదు.

టీచరమ్మ యింట అసలు పియానో వుంది. మొన్న ఆదివారం నేనే అమ్మాయిని బ్రతిమాలి వెంటబెట్టుకొని వెళ్ళి, ప్రక్కన కూర్చొని విన్నాను. మూడు నిమిషాలు. మా నాయన వరండాలో పడక కుర్చీ, సాయంకాలపు వేపగాలి జ్ఞాపకం వచ్చాయి. “బాగుందా నాన్నా?” అని అడిగితే వెంటనే నోట మాట రాలేదు.

ఉగాది సభలో మా అమ్మాయి ముందొక నొట్టుస్వరం, తరువాత యీ పగటికల వాయిస్తుంది. పెడలు కొన్నాను. సభ్యులు ఆ మూడు నిమిషాలు పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకొని నిశ్శబ్దంగా వినవలసిందిగా మనవి.