రాయవెల్లూరు డాక్టరమ్మల చెలిమి

రోగము ముదిరినప్పుడు "వెల్లూరుకు తీసికొని వెళ్లండి" అను మాట వినని తెలుగు క్రైస్తవ కుటుంబము అరుదు. కాట్పాడిలో రైలు దిగి ఆ ఆసుపత్రి గడప తొక్కినవారు మన సంఘములలో ఎందరో కలరు. అయితే అక్కడ చదివి, పల్లెలలోని మిషను ఆసుపత్రులలో తమ బ్రతుకు వెచ్చించిన డాక్టరమ్మలను గూర్చి మనము వ్రాసికొన్నది తక్కువ. ఆ లోటు కొంతయైనను తీర్చవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ రోజులలో పురుష వైద్యుని తమ స్త్రీలను తాకనిచ్చెడివారు కారు. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి, తమ భార్యలకు పురుడు పోయ రమ్మని యువతియైన ఐడా స్కడర్ దొరసానిని వేడుకొనిరి. ఆమె అప్పటికి వైద్యము నేర్వలేదు. వైద్యుడైన తండ్రిని తీసికొని వెళ్లుటకు వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆమె అమెరికా వెళ్లి 1899లో వైద్యపట్టా పొంది, 1900లో వెల్లూరు చేరిరి. ఆనాడు వెల్లూరును చిత్తూరును ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండెను. జిల్లా ముఖ్యపట్టణము చిత్తూరే. కనుక వెల్లూరు మనకు మొదటినుండి పొరుగూరే. మన గుంటూరులో కుగ్లర్ దొరసానిగారు 1883 నుండియే స్త్రీలకు వైద్యము చేయుచుండిరి. కాని సముద్రము దాటి వచ్చు కొద్దిమంది దొరసానులతో ఇంత దేశమునకు వైద్యము అందునా?

అందుచేత 1918లో వెల్లూరులో స్త్రీల వైద్య పాఠశాల వెలసెను. ముగ్గురు బాలికలు వచ్చినను గొప్పయేనని కొందరు ఎగతాళి చేసిరి. వచ్చిన దరఖాస్తులు 151. 1922లో మొదటి తరగతి పరీక్షకు కూర్చున్న 14 మందియు ఉత్తీర్ణులైరి. వారు పొందినది ఎల్.ఎమ్.పి. పట్టా. మిషనులు తమ బాలికలను పంపి చదివించుట, వారు తిరిగి వచ్చి ఆ మిషను ఆసుపత్రులలో పని చేయుట వాడుక ఆయెను.

ఈ పద్ధతిలోనే వారి చెలిమికి మూలము కలదు. హాస్టలులో ఒకే బల్లయొద్ద అన్నము తినినవారు, పట్టా చేతికి రాగానే తలకొక దిక్కు పోవలసివచ్చెను. ఊరికి టెలిఫోను లేదు. కష్టమైన కాన్పు వచ్చినచో సలహా అడుగుటకు ప్రక్కన మరియొక వైద్యురాలు లేదు. అట్టివారికి తోటి విద్యార్థిని వ్రాసిన ఉత్తరమే పాఠ్యపుస్తకము, అదే ఓదార్పు. వెల్లూరుకు పంపిన రోగి చేతిలో ఒక చీటీ ఉండెడిది. ఆ చీటీ అడుగున క్షేమసమాచారము నాలుగు ముక్కలు ఉండెడివి. కలిసికొన్నప్పుడు చెట్టుక్రింద రోగులను చూచిన గుడియాత్తం దారి, దొరసానిగారి పాత మోటారుకారు, రాత్రి దీపమునొద్ద చదివిన శరీరశాస్త్రము తలచుకొని నవ్వుకొనెడివారు.

1937 తరువాత పెద్ద చిక్కు వచ్చెను. మద్రాసు ప్రభుత్వము ఎల్.ఎమ్.పి. చదువును తీసివేసి, ఇకమీదట ఎం.బి.బి.ఎస్. మాత్రమే ఉండవలెనని నిర్ణయించెను. డెబ్బది యేండ్లు దాటిన స్కడర్ దొరసానిగారు 1941లో అమెరికా వెళ్లి ఊరూర తిరిగి ద్రవ్యము కూర్చిరి. 1942లో పై తరగతి చదువునకు మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు దొరికెను. 1947లో పురుషులను చేర్చుకొనిరి. విశాఖపట్టణపు ఆడపడుచైన డాక్టర్ హిల్డా లాజరస్ గారు ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరు అగుట మనకు గర్వకారణము.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. పట్టా పెద్దదైన కొలది పాతపట్టావారు మరుగున పడుట లోకసహజము. పూర్వ విద్యార్థుల సభలలో విదేశములలో పేరుపొందినవారికి పూలదండలు పడును. అది తప్పు కాదు. కాని బడి నిలిచినది ఆ ఎల్.ఎమ్.పి. అక్కల పని చూచియే గదా! వారు సఫలులు కానిచో పై కళాశాల కొరకు చందా యెవరు ఇత్తురు? పేర్ల పట్టికలో మొదటి వరుస వారిది.

ఇప్పుడు చేతిలోని ఫోనుపై ఖండాంతరముల మిత్రులు నిమిషములో పలుకుచున్నారు. రజతోత్సవ కూటములు వేడుకగా జరుగుచున్నవి. 1918 నాటివారు మాత్రము ఒక్కరును లేరు. మన ప్రాంతమున పెక్కు మిషను ఆసుపత్రులు మూతపడినవి, మరికొన్ని చిక్కిపోయినవి. వాటి కాన్పుల రిజిస్టరులు, గోడల మీది ఛాయాపటములు, ట్రంకుపెట్టెలలోని ఉత్తరములు చెదలపాలు అగుచున్నవి. చదివినవారి చెలిమి చదివినవారితోనే ఆగరాదు. ఆ డాక్టరమ్మ చేతిలో పుట్టినవారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. ప్రతి సంఘములోను ఒకరు పూనుకొని, పెద్దలను అడిగి, ఆమె పేరు, చదివిన యేడు, పని చేసిన ఊరు వ్రాసి ఉంచవలెనని కోరుచున్నాము. అడుగుటకు పెద్దలు ఉండగానే ఈ పని జరుగవలెను.