పేరు తీయాలంటే ఏ కాగితం మార్చాలి?

పేరు గొప్ప ఊరు దిబ్బ అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆసుపత్రిలో మందులు లేకపోయినా ఆసుపత్రి పేరు మీద మాత్రం యుద్ధాలు జరుగుతాయి. పార్టీ మారితే పేరు మారుతుంది. పాత పేరు తీసేస్తే చరిత్రలో ఆ మనిషి ఉండడని ఒకరి నమ్మకం. పేరు చెక్కితే శాశ్వతంగా ఉంటాడని ఇంకొకరి నమ్మకం. నామస్మరణతో మోక్షం వస్తుందనే నమ్మకానికీ దీనికీ పెద్ద తేడా నాకు కనిపించదు.

ఈ జబ్బు రాజకీయ పార్టీలకే పరిమితమని మనం, అంటే హేతువాదులం, అనుకుంటే పొరపాటే. మా సంఘం సమావేశంలో ఒక మిత్రుడు ఒక తీర్మానం పెట్టాడు. అండమాన్ సెల్యులర్ జైలు దగ్గరున్న స్మారకం మీద నుంచి సావర్కర్ పేరు తీయించాలి, అందుకు పార్లమెంటులో బిల్లు పెట్టమని సభ్యులను కోరాలి అన్నాడు. చాలామంది చేతులెత్తారు. నేను ఎత్తలేదు. సావర్కర్ మీద నాకు అభిమానమేమీ లేదు. బిల్లు అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. ఏ కాగితం మీదున్న పేరును ఏ బిల్లు తీస్తుంది? ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. ఇక్కడ వేస్తున్నాను.

రాతి పలక

ముందు అండమాన్ సంగతే చూద్దాం. సెల్యులర్ జైలు దగ్గర స్వాతంత్ర్య జ్యోతి అనే స్మారకం ఉంది. ప్రభుత్వ రంగ చమురు సంస్థ ఏర్పాటు చేసింది. దాని మీద సావర్కర్ మాటలతో ఒక పలక ఉండేది. 2004 ఆగస్టులో అప్పటి పెట్రోలియం మంత్రి మణిశంకర్ అయ్యర్ ఆ పలక తీయించారు. గాంధీ మాటలు పెట్టించారు. పార్లమెంటులో గొడవ జరిగింది. శివసేన, భారతీయ జనతా పార్టీ మండిపడ్డాయి. అయినా ఏ బిల్లూ రాలేదు, ఏ ఓటింగూ జరగలేదు. మంత్రి మాట చాలింది.

ప్రభుత్వం మారింది. 2015లో సావర్కర్ పలక మళ్లీ వచ్చింది. అప్పుడూ బిల్లు లేదు. మంత్రి మాటే.

కాబట్టి మా మిత్రుడు కోరిన బిల్లు అనవసరం. శాఖ తలుచుకుంటే ఒక్క రోజులో తీస్తుంది. తలుచుకోకపోతే ఎన్ని తీర్మానాలు చేసినా తీయదు. పోనీ బిల్లే పెడతామంటే దాని సంగతీ తెలుసుకోవాలి. మంత్రి కాని సభ్యుడు పెట్టేది ప్రైవేటు సభ్యుడి బిల్లు అవుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన తరవాత అలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి. చివరిది 1970లో. ఆ తరవాత ఒక్కటీ రెండు సభలూ దాటలేదు. ప్రభుత్వానికి ఇష్టం లేని పేరు మార్పు ఈ దారిలో వస్తుందని ఆశ పెట్టుకోవడం జాతకం చూపించుకోవడం లాంటిదే.

సొసైటీ తీర్మానం

ఇప్పుడు ఢిల్లీలోని తీన్‌మూర్తి భవనం దగ్గరకు రండి. నెహ్రూ ప్రధానిగా అక్కడ నివసించారు. 1964 మే 27న ఆయన చనిపోయాక, అదే ఏడాది నవంబరు 14న అక్కడ స్మారక మ్యూజియం తెరిచారు. తరవాత దాన్ని నడపడానికి ఒక సొసైటీ పెట్టారు. మన ఊళ్లో గ్రంథాలయ సంఘాన్నో కళాసమితినో రిజిస్టరు చేస్తామే, అలాంటి సొసైటీయే. ప్రధానమంత్రే దానికి అధ్యక్షుడు.

2022 ఏప్రిల్‌లో అదే ఆవరణలో ప్రధానులందరి మ్యూజియం వచ్చింది. 2023 జూన్‌లో రాజ్‌నాథ్ సింగ్ అధ్యక్షతన సొసైటీ సమావేశమై నెహ్రూ పేరు తీసి ప్రైమ్ మినిస్టర్స్ మ్యూజియం అండ్ లైబ్రరీ అని పెట్టాలని నిర్ణయించింది. ఆగస్టు 14న అది అమలులోకి వచ్చింది.

నెహ్రూ అంటే మనకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. శాస్త్రీయ దృక్పథం అనే మాటను ఈ దేశ రాజకీయాల్లోకి తెచ్చినవాడాయన. అందుకని మనలో చాలామందికి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. కానీ కోపం పక్కనబెట్టి చూస్తే అసలు అన్యాయం ఇంకోచోట ఉంది. ప్రధానులందరికీ ఒక మ్యూజియం ఉండాలనే వాదనలో తప్పు లేదు. అన్ని కాలాల పత్రాలూ దాచే గ్రంథాలయానికి ఒక్కరి పేరే ఎందుకని అడగవచ్చు. ఆ వాదనకు జవాబు చెప్పే అవకాశం, దాన్ని ఎదిరించే అవకాశం, రెండూ లేకుండా పోయాయి. దేశమంతటి డబ్బుతో నడిచే సంస్థ పేరు, దేశం ఎన్నుకున్న సభ ముందుకు రానక్కరలేకుండానే మారింది. నెహ్రూ పేరు 1960లలో చట్టంలో రాయలేదు, సొసైటీ పత్రంలో రాశారు. ఆనాడు అధికారంలో ఉన్న కాంగ్రెసుకు ఎదురులేదు కాబట్టి ఏ కాగితమైనా ఒకటేననుకున్నారు కాబోలు. అలా తేలికగా పెట్టిన పేరు తేలికగానే పోయింది.

పార్లమెంటు చట్టం

ఇక అసలైన చట్టం. 1919 ఏప్రిల్ 13 నాటి జలియన్‌వాలాబాగ్ మారణకాండ తరవాత ఆ స్థలాన్ని ప్రజల విరాళాలతో కొన్నారు. 1951లో పార్లమెంటు జాతీయ స్మారక చట్టం చేసింది. ధర్మకర్తలుగా నెహ్రూ, సైఫుద్దీన్ కిచ్లూ, మౌలానా ఆజాద్‌ల పేర్లు చట్టంలోనే రాశారు. వాళ్లతో పాటు భారత జాతీయ కాంగ్రెసు అధ్యక్షుడు కూడా ధర్మకర్త అన్నారు. పంజాబ్ గవర్నరు, ముఖ్యమంత్రి, కేంద్రం నియమించే ముగ్గురు మిగిలినవారు.

ఒక పార్టీ అధ్యక్షుడు జాతీయ స్మారకానికి శాశ్వత ధర్మకర్త ఎలా అవుతాడు? ఉద్యమ కాలంలో స్థలం కొనడానికి పూనుకున్నది కాంగ్రెసే, నిజమే. కానీ 1951 నాటికి అది ఎన్నికల్లో పోటీ చేసే పార్టీ. ఆజాద్ 1958లో, కిచ్లూ 1963లో, నెహ్రూ 1964లో పోయారు. పార్టీ అధ్యక్ష పదవి మాత్రం చట్టంలో అలాగే ఉండిపోయింది.

దాన్ని తీయడానికి 2018 డిసెంబరులో బిల్లు పెట్టారు. 2019 ఫిబ్రవరిలో లోక్‌సభ ఒప్పుకుంది. రాజ్యసభ దాటకముందే లోక్‌సభ గడువు ముగిసింది. రాజ్యాంగం 107వ అధికరణం ప్రకారం అలాంటి బిల్లు చచ్చిపోతుంది. ఎన్నికల తరవాత మళ్లీ మొదటి నుంచీ పెట్టారు. 2019 ఆగస్టు 2న లోక్‌సభ, నవంబరు 19న రాజ్యసభ ఆమోదించాయి. కాంగ్రెసు అధ్యక్షుడి ప్రస్తావన పోయింది. లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడి హోదా ఎవరికీ లేకపోతే అతిపెద్ద ప్రతిపక్ష పార్టీ నాయకుడు ధర్మకర్తగా ఉండాలన్న మాట చేరింది.

తీసినవాళ్ల ఉద్దేశాల మీద మనకు ఎన్ని అనుమానాలైనా ఉండవచ్చు. ఆ బిల్లులోనే, నియమించిన ధర్మకర్తను గడువు తీరకముందే కారణం చెప్పకుండా తొలగించే అధికారం కూడా కేంద్రానికి ఇచ్చారు. అది మంచి పని కాదు. కానీ ఆ సంగతి మనకు తెలిసింది బిల్లు సభకు వచ్చింది కాబట్టే. రెండు సభల్లో ఎవరేమన్నారో రికార్డులో ఉంది. యాభై ఏళ్ల తరవాత ఒక విద్యార్థి వెళ్లి చదువుకోవచ్చు. పలక తీసిన మంత్రి, సమావేశమైన సొసైటీ అలాంటి రికార్డు మనకు మిగల్చరు.

మన అసెంబ్లీలు

చట్టంలో రాస్తే చాలు, పేరు భద్రం అనుకునేవాళ్లు విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం చరిత్ర చూడాలి. 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పెట్టింది. ఆయన 1996లో చనిపోయారు. 1998లో ఆయన పేరు పెట్టారు. 2022 సెప్టెంబరు 21న అసెంబ్లీ, తెలుగుదేశం సభ్యుల నిరసనల మధ్య, ఆ పేరు తీసి వైఎస్ రాజశేఖరరెడ్డి పేరు పెట్టే బిల్లు ఆమోదించింది. అధికార భాషా సంఘం అధ్యక్షుడు యార్లగడ్డ లక్ష్మీప్రసాద్ నిరసనగా పదవి వదిలేశారు. 2024 జూలైలో కొత్త అసెంబ్లీ మళ్లీ ఎన్టీఆర్ పేరు పెట్టింది.

ఇరవైరెండు నెలల్లో రెండు చట్టాలు. ఈ మధ్యలో ఎన్టీఆర్ గురించి గానీ వైఎస్ గురించి గానీ కొత్తగా బయటపడిన సాక్ష్యం ఏమిటి? ఏమీ లేదు. మారినవి సీట్లు. 175 స్థానాల్లో వైఎస్సార్ కాంగ్రెసుకు 2019లో 151 వచ్చాయి, 2024లో 11. రోగికి, విద్యార్థికి ఒరిగింది లేదు. సర్టిఫికెట్ మీద ఏ పేరుందో అని చూసుకోవలసిన పని మిగిలింది.

తెలంగాణలో ఇంకో తమాషా. 2014లో కేంద్రం శంషాబాద్ విమానాశ్రయంలో దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పెడితే తెలంగాణ అసెంబ్లీ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. తీర్మానం అభిప్రాయమే, కేంద్రాన్ని కట్టడి చేయదు. కానీ తన చట్టం తన చేతిలో ఉన్నచోట సభకు అడ్డు లేదు. 2025 మార్చిలో తెలుగు విశ్వవిద్యాలయానికి పొట్టి శ్రీరాములు పేరు తీసి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టే బిల్లును అదే అసెంబ్లీ ఆమోదించింది. ఈ ఇద్దరిలో ఎవరూ దుర్మార్గులు కారు. 1952లో నిరాహార దీక్షలో ప్రాణం వదిలిన మనిషి ఒకరు, గోలకొండ పత్రిక నడిపిన పండితుడు ఇంకొకరు. ఒక పేరు రావడానికి ఇంకొకటి పోవలసి వచ్చిందంటే ఆ వాదం వ్యక్తుల గురించి కాదు, సరిహద్దుల గురించి.

పేరు మళ్లీ మారకుండా ఉండే ఉపాయం కూడా మన ఉపఖండంలో కనిపెట్టారు. ఢాకా విమానాశ్రయానికి జియావుర్ రహమాన్ పేరుండేది. 2010లో అవామీ లీగ్ ప్రభుత్వం దాన్ని తీసింది. తన నాయకుడి పేరు పెట్టలేదు. హజ్రత్ షాజలాల్ అనే సూఫీ సాధువు పేరు పెట్టింది. ప్రత్యర్థి వచ్చి సాధువు పేరు తీయగలడా? రాజకీయ తగవుకు మతాన్ని తాళంగా వేశారు. మనం ముఖ్యంగా గమనించవలసిన ఉదాహరణ ఇది.

మరి ఏం కోరాలి?

కోర్టులు ఈ పని చేయవు. పేర్ల మార్పుకు కమిషన్ వేయమని వచ్చిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో కొట్టేసింది. సరైన పనే చేసింది. కాబట్టి ఇది చట్టసభల పనే. నేను కోరే చట్టం ఇది:

ఒకటి. ప్రభుత్వ డబ్బుతో నడిచే ఏ స్మారకానికైనా, అది శాఖ కిందున్నా సొసైటీ కిందున్నా, పేరు పెట్టాలన్నా తీయాలన్నా సభ ముందుకు రావాలి.

రెండు. చనిపోయి కనీసం పాతికేళ్లు గడవని రాజకీయ నాయకుడి పేరు దేనికీ పెట్టకూడదు. అత్త సొమ్ము అల్లుడి దానం ఆగాలి.

మూడు. తీసే బిల్లుతో పాటు కారణాలు, ఆధార పత్రాలు జతపరచాలి. సెలెక్ట్ కమిటీ అభ్యంతరాలు వినాలి. ఎన్నికలకు ముందు ఒక సభ, తరవాతి సభ, రెండూ ఒప్పుకుంటేనే పేరు పోవాలి.

నాలుగు. తీసిన పలకను పగలగొట్టకూడదు. ఎప్పుడు పెట్టారు, ఎందుకు తీశారు అన్న వివరంతో మ్యూజియంలో ఉంచాలి.

ఈ చట్టానికి అవకాశం ఎంత? చాలా తక్కువ. పేర్లు పంచిపెట్టే అధికారం వదులుకోవడానికి ఏ పార్టీకీ మనసొప్పదు. ఒక సభ చేసిన చట్టాన్ని ఇంకో సభ రద్దు చేయవచ్చు కూడా. అయినా రద్దు చేసేవాడు కారణం చెప్పవలసి వస్తుంది. నాకు అదే కావాలి.

సావర్కర్ సంగతికి ఇదే కొలత పెట్టండి. ఆయన 1911 నుంచి 1921 దాకా ఆ ద్వీపంలో జైల్లో ఉన్నాడు. ఇది నిజం. 1911లోనూ 1913లోనూ క్షమాభిక్ష అర్జీలు పెట్టుకున్నాడు. ఇదీ నిజమే, ప్రభుత్వ రికార్డుల్లో ఉంది. ఆవు ఉపయోగపడే జంతువే తప్ప దేవత కాదని రాసినవాడూ ఆయనే. గాంధీ హత్య కేసులో నిందితుడై 1949లో నిర్దోషిగా బయటికొచ్చాడు. పలక తీసేస్తే ఈ నాలుగు సంగతులూ కలిపి చెప్పే చోటు ఒకటి పోతుంది. పలక ఒక్కటే ఉంటే మొదటిదే మిగులుతుంది. పలక పక్కన ఆ అర్జీల నకళ్లు పెట్టమని అడగడం తీసేయమని అడగడం కంటే కష్టం. పొగిడేవాళ్లకూ తిట్టేవాళ్లకూ అది నచ్చదు. కానీ సాక్ష్యం ముందు పెట్టి, చదివి తేల్చుకోమనడం మన పద్ధతి. గుడి ముందు నిలబడి మనం రోజూ చెప్పే ఆ మాటను స్మారకం ముందు కూడా చెప్పగలగాలి.