మొక్కజొన్న రాసిన రామకోటి

ఎండ ముదరక ముందే కోసుకు రావాలి. ఆకు తొడుగులోంచి ఇంకా బయటపడని లేత పూగుత్తి అయితేనే పనికొస్తుంది. మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు అసిటిక్ ఆమ్లం కలిపిన సీసాలో దాన్ని నానేస్తారు. ఆ తర్వాత స్లైడు మీద ఒకే ఒక్క పరాగకోశం, దాని మీద అసిటోకార్మిన్ ఎర్రరంగు బొట్టు. సూదితో చిదిమి, తొక్కు ఏరేసి, కవర్‌స్లిప్ కప్పి, స్పిరిట్ దీపం మీద కాస్త వెచ్చచేసి, అద్దుడు కాగితం పరిచి బొటనవేలితో నొక్కాలి. వేలు ఇసుమంత పక్కకు జరిగిందా, కణాలన్నీ చితికిపోయి పొద్దుటి నుంచి పడ్డ పాటు గంగపాలే.

1950ల్లో విశాఖపట్నం వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖలో ఆచార్య జె. వెంకటేశ్వర్లు దగ్గర చేరిన కుర్రాళ్ల ఉదయాలు ఇలాగే గడిచి ఉంటాయి. ఈ దృశ్యం నేను కట్టింది. పద్ధతి మాత్రం ఆనాటి క్రోమోజోము పరిశోధకులందరిదీ.  

ఆ కుర్రాళ్లలో ఒకరు ఆర్.ఎస్.కె. చాగంటి. గురుశిష్యులు మనసు పెట్టిన మొక్క కోయిక్స్. చెమ్మ నేలల్లో పెరిగే గడ్డి అది. గింజ మీద గట్టి నున్నటి పెంకు. ఈశాన్య రాష్ట్రాల్లో గింజను తింటారు, పెంకును పూసలుగా గుచ్చి మెడలో వేసుకుంటారు. మొక్కజొన్నకు ఆసియా ఖండపు చుట్టమని దీనికి పేరు. కోయిక్స్ ఆక్వాటికా కణంలో 10 క్రోమోజోములు, కోయిక్స్ లాక్రిమా-జోబిలో 20. మొక్కజొన్నలోనూ 20. అమెరికా ఖండపు మరో చుట్టం ట్రిప్సాకమ్‌లో 36, కొన్నిట్లో 72. ఒకే వంశంలో లెక్కలు ఇంత తేడాగా ఎందుకున్నాయో తేల్చాలంటే స్లైడు మీద ఒక్కో క్రోమోజోమునూ గుర్తుపట్టే కన్ను ఉండాలి. వాల్తేరు ఇచ్చిన ఆస్తి ఆ కన్నే.

చాగంటి హార్వర్డ్ వెళ్లారు. మొక్కజొన్న పుట్టుక మీద పెద్ద తగువు నడుస్తున్న చోటు అది. అక్కడి వృక్షశాస్త్రవేత్త పాల్ మాంగెల్స్‌డార్ఫ్, సహచరుడు రీవ్స్‌తో కలిసి 1930ల చివర ఒక వాదం లేవదీశారు. మెక్సికోలోని టియోసింటె అనే అడవి గడ్డి మొక్కజొన్నకు తల్లి కాదనీ, మొక్కజొన్నకూ ట్రిప్సాకమ్‌కూ పుట్టిన సంకరమనీ. అందుకు ఆయన చూపిన సాక్ష్యాల్లో ముఖ్యమైనవి 'ముడులు'. కణం చీలే క్రమంలో పాకిటీన్ అనే దశలో క్రోమోజోము పొడవుగా సాగినప్పుడు దాని మీద అక్కడక్కడ ముదురు రంగు ఉబ్బులు కనిపిస్తాయి. అవి ట్రిప్సాకమ్ నుంచి వచ్చినవేనని మాంగెల్స్‌డార్ఫ్ నమ్మకం. జన్యుశాస్త్రవేత్త జార్జ్ బీడిల్ ఒప్పుకోలేదు. టియోసింటె నుంచే మొక్కజొన్న వచ్చిందని ఆయన పట్టు.

మొక్కజొన్న–ట్రిప్సాకమ్ సంకరాలు, వాటి సంతతి మీద చాగంటి చేసిన క్రోమోజోము అధ్యయనాన్ని హార్వర్డ్‌కు చెందిన బుస్సీ సంస్థ 1965లో అచ్చు వేసింది. తగువు మాత్రం తేలలేదు. తేలే వీలూ లేదు. ముడిని చూడగలిగారు గానీ ముడిలో ఏముందో చదివే సాధనం అప్పటికి పుట్టలేదు.

1981లో పీకాక్, డెనిస్, రోడ్స్, ప్రయర్ అనే నలుగురు శాస్త్రవేత్తలు ఆ ముడి విప్పారు. లోపల ఉన్నది 180 అక్షరాల చిన్న డీఎన్ఏ ముక్క. అదే ముక్క మళ్లీ మళ్లీ, వేల సార్లు, రామకోటి రాసినట్టు. తర్వాత టియోసింటెలోనూ ట్రిప్సాకమ్‌లోనూ దాని పోలికలు దొరికాయి, కాస్త కాస్త తేడాలతో. చుట్టాలందరి దగ్గరా పోలికలు ఉన్నాయంటే, ఒకరి నుంచి ఒకరు తెచ్చుకున్నారనడం కంటే అందరికీ ఒకే పాత తాత ఉన్నాడనడం సబబు. టియోసింటె విషయంలో గెలిచింది బీడిల్.

ఇంత రాత ఎవరికోసం? ఇక్కడే కథ రక్తికడుతుంది. ఆడ పువ్వులో కణం చీలి నాలుగైతే అందులో ఒక్కటే అండమవుతుంది. న్యాయంగా ముడి ఉన్న క్రోమోజోముకూ లేనిదానికీ చెరిసగం అవకాశం రావాలి. కానీ 10వ క్రోమోజోములో ఒక వింత రకం ఉంటే, ముడులు ఉన్నవి ముందుకు ఎగబాకి దాదాపు 70 శాతం అండాల్లో చోటు పట్టేస్తాయని ఆ నలుగురిలో ఒకరైన మార్కస్ రోడ్స్ 1942లోనే చూపారు. మొక్కకు లాభమున్నా లేకపోయినా ముడి తన బతుకు తాను చూసుకుంటుంది. ఇలాంటి స్వార్థం ముడులదొక్కటే కాదు. 2009లో మొక్కజొన్న జన్యుక్రమం వెలువడినప్పుడు అందులో 85 శాతం దాకా చోటు మార్చే డీఎన్ఏ తునకలదేనని తేలింది. వాటిని మొదట పట్టుకున్న బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో నోబెల్ వచ్చింది. దీన్నంతటినీ 'చెత్త డీఎన్ఏ' అని కొట్టిపారేసిన రోజులు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది.

చాగంటి గడ్డి నుంచి మనుషుల వైపు మళ్లారు. బ్లూమ్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యువ్యాధి ఉన్న రోగుల కణాల్లో జంట క్రోమాటిడ్లు (ఒకే క్రోమోజోము రెండు నకళ్లు) ముక్కలు మార్చుకోవడం విపరీతంగా ఉందని 1974లో షోన్‌బర్గ్, జర్మన్ అనే సహచరులతో కలిసి ప్రకటించారు. మామూలు కణంలో పదిలోపు, ఈ రోగుల కణాల్లో సగటున 80కి పైన. తర్వాత న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్‌లో క్యాన్సర్ కణాల క్రోమోజోములు చదివారు. గడ్డిని మాత్రం వదిలెయ్యలేదు. కోయిక్స్ మీద వెంకటేశ్వర్లు, చాగంటి కలిసి రాసిన గ్రంథాన్ని 1973లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రచురించింది.

అసిటోకార్మిన్ స్లైడు ఎక్కువ కాలం నిలవదు. సూక్ష్మదర్శినికి తగిలించే కెమెరా లూసిడాతో గీసిన బొమ్మలు నిలుస్తాయి. ఆ రోజుల్లో వాల్తేరులో వృక్షశాస్త్రం చదివినవారి పెట్టెల్లో, అటకల మీద అలాంటి కాగితాలు ఉంటే పాత సామాన్లవాడికి తూచి ఇచ్చేయకండి. విశ్వవిద్యాలయానికి చేర్చండి.