మగ్గం గుంటా, పావు వీధీ

పోయిన నెల సంఘం కూటంలో ఒక అమ్మాయి లేచి ఒక మాట అడిగింది. కంపెనీ ఉద్యోగం మానేసి ఇంటినుంచే సొంతంగా కంప్యూటర్ పని చేస్తోంది. "తాతగారూ, ఇంట్లో ఉంటే పనిలో ఉన్నానని ఎవరూ అనుకోరు. పాలకు పొమ్మంటారు, చుట్టాలొస్తే కాఫీ పెట్టమంటారు. రాత్రి పదికి గానీ నా పని మొదలు కాదు. ఎట్లా సమాళించేది?" అంది.

ఆ రోజు మాకు జవాబు తోచలేదు. ముప్పై ఏండ్లకు పైగా రైల్వే గడియారం చెప్పినట్టు లేచి, కూచున్న వాళ్ళం మేము. ఇంటికొచ్చి ఆలోచిస్తే తెలిసింది. మన తాత ముత్తాతలు చేసింది ఇదే కదా! సేలం, కోయంబత్తూరు పక్కల దేవాంగుల ఇళ్ళలో ఇల్లే పనిచోటు. తెలుగు మాట్లాడేవాళ్ళైనా కన్నడం మాట్లాడేవాళ్ళైనా, చౌడేశ్వరమ్మను కొలిచే మనవాళ్ళకి మగ్గం ఇంట్లోనే ఉండేది.

ఆ ఇల్లు ఎట్లా ఉండేదో చూడండి. మగ్గానికి ఒక చోటు ముందే తీసిపెట్టి, మిగిలినదాంట్లో మనుషులు సర్దుకునేవాళ్ళు. నేలలో గుంట తవ్వి, దాని అంచున కూచుని, కాళ్ళు లోపలికి వేలాడేసి తొక్కుడు చెక్కలు తొక్కాలి. నేల చెమ్మకి నూలు మెత్తగా ఉండి తొందరగా తెగదు. వెలుతురు పడేట్టు కిటికీ పక్కన పెట్టేవాళ్ళు. గుంటను పొద్దున ఒక చోట, సాయంత్రం ఇంకో చోట పెట్టలేం కదా. గుంటలో కాళ్ళు పెట్టినవాడు పనిలో ఉన్నాడని ఇంట్లో చిన్నపిల్లకి కూడా తెలుసు.

ఇక పొద్దు లెక్క. పడుగును మనం ఇక్కడ తమిళంలో మాదిరి పావు అంటాం. పావుకి గంజి పెట్టే పని ఇంట్లో జరగదు, అంత పొడుగు చోటు ఏ ఇంట్లో ఉంటుంది? తెల్లవారుజామున, ఎండ ముదరకముందే, వీధిలో పావు చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఒక్కడి వల్ల కాదు. ఈరోజు మీ పావుకి మేము చేయి వేస్తే, రేపు మా పావుకి మీరు. వాన పడితే ఆ పని నిలిచిపోతుంది. అందుకే ఐప్పసి, కార్తిక నెలలంటే నేతవాళ్ళకి గుబులు. అమావాస్య నాడు మగ్గం ముట్టకూడదన్నారు. భక్తి వల్ల వచ్చిన కట్టుబాటే అయినా, నెలకొక రోజు ఒంటికి విశ్రాంతి దొరికింది.

ఇప్పుడు ఒక చరిత్ర సంగతి. మదరాసు ప్రభుత్వంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే దొర ఉండేవాడు. మదరాసులో అల్యూమినియం పాత్రల పని మొదలుపెట్టించింది ఆయనే. 1910కి ముందు కొన్నేళ్ళు సేలంలో ఆయన ఒక నేత కర్మాగారం నడిపాడు. చేమగ్గాలన్నీ ఒక కప్పు కింద పెట్టి, కొత్తరకం మగ్గాలిచ్చి, వేళ ప్రకారం పని చేయిస్తే నేతగాడు బాగుపడతాడని ఆయన ఆలోచన. చెడ్డ ఆలోచన కాదు. కానీ నేతవాళ్ళు అక్కడ కుదురుగా నిలవలేదు. ఇంట్లో అయితే ఆడవాళ్ళూ పిల్లలూ సాయం ఉంటారు, కర్మాగారంలో ఎవరున్నారు? అంతలో ప్రభుత్వమే పరిశ్రమలు నడపడం తగదని 1910లో లండన్‌లో మంత్రి మోర్లీ అడ్డం చెప్పాడు. ఆ కర్మాగారం మూతపడింది. అయితే తాడు లాగితే తానే పరుగెత్తే నాడెను మాత్రం మనవాళ్ళు ఇళ్ళకు తెచ్చుకున్నారు. పనిముట్టు కావాలి, గేటు వద్దు అన్నారన్నమాట.

ఇది చదివి పాతకాలమే బంగారం అనుకోకండి. రెండు తప్పులు ఉండేవి. ఒకటి, ఆడవాళ్ళ పని. రాట్నం తిప్పి కండెలు చుట్టిందీ, గంజి కాచిందీ, పావు దువ్వడానికి చేయి వేసిందీ వాళ్ళు. కూలి లెక్క మాత్రం చీరకింత అని మగవాడి పేరున పడేది. రెండోది, అడ్వాన్సు. నూలూ డబ్బూ ముందుగా ఇచ్చిన షావుకారుకే నేయాలి. వేళ మనదే, ధర మాత్రం ఆయనది. 1935లో కోఆప్టెక్స్ పుట్టడానికి కారణం ఈ కష్టమే. ఒక్కొక్క ఇల్లు విడిగా బేరం చేస్తే ఓడిపోతుందని తెలిసి, సహకార సంఘాలు కట్టుకున్నారు.

ఆ అమ్మాయికి మా జవాబు ఇది. అమ్మా, మంచం మీద, అన్నం బల్ల మీద కంప్యూటర్ పెట్టుకోవద్దు. మూల అయినా సరే, ఒక చోటు గుంటలాగా కదలకుండా ఉంచు. అక్కడ కూచుంటే పనిలో ఉన్నట్టే అని ఇంట్లో అందరికీ చెప్పు. తెల్లవారుజామున ఏ పని, తర్వాత ఏ పని అని వరస పెట్టుకో. అమావాస్య లాంటి ఒక రోజు వదులుకో. నీకు సాయం చేసేవాళ్ళ కష్టం లెక్క రాసిపెట్టు. పని ఇచ్చేవాళ్ళతో ధర ఒంటరిగా మాట్లాడకు, అదే పని చేసే నలుగురినీ అడిగి మాట్లాడు.

పెద్దలకూ ఒక మాట. మగ్గం ఇంట్లో ఉన్నా నేతగాడు ఒంటరిగా లేడు, సగం పని వీధిలో నలుగురితో జరిగింది. ఈ పిల్లలకి గుంట ఉంది గానీ వీధి లేదు. మన సంఘం మేడ మీద గది పెళ్ళి ముహూర్తాలప్పుడు తప్ప తాళం వేసే ఉంటోంది. పొద్దున ఆరు నుంచి పది దాకా ఇంటినుంచి పనిచేసే పిల్లలకి దాన్ని తెరిచి ఇద్దామా? రెండు బల్లలూ, ఒక ఫ్యానూ చాలు. వచ్చే కూటంలో ఈ మాట ఎత్తుతాం. తాళంచెవి బాధ్యత మేము తీసుకుంటాం. తెల్లారి లేవడం మాకు ఎట్లాగూ అలవాటే.